మాట ఆగని నడక

క్వేకర్స్ హిల్, సిడ్నీ
అక్టోబరు 1999

మసూదా వదినకు ఫరహ్ సలాములు.

మామయ్య ఎలా ఉన్నారో నెలకోసారి చెప్పమన్నారు. ఫోన్‌లో చెప్పే వీలు లేదు. ఫోన్ హాల్లో ఉంది, దాని పక్క కుర్చీలోనే మామయ్య పొద్దస్తమానం కూర్చుంటారు. అందుకే ఉత్తరం. ఏడో తరగతితో ఆగిన చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు మంచి మాట. న్యుమోనియా పూర్తిగా తగ్గింది. హెచ్.ఐ.వి. మాత్రలు మూడు పూటలా వేసుకుంటున్నారు. డాక్టరుగారు రక్తం పరీక్ష చూసి, మందు బాగా పనిచేస్తోంది, ఇక మనిషే కదలాలి అన్నారట. నిజమే వదినా. చేతులూ కాళ్లూ పుల్లల్లా అయ్యాయి, పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. వాకిట్లో మెట్లెక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోతారు. ఆసుపత్రి వెనక హాల్లో, ఈ జబ్బు ఉండి వయసు మళ్లినవాళ్ల కోసం ఎక్సర్‌సైజ్ క్లాసు పెట్టారు. అక్కడ సైకిలు మిషన్లు తొక్కిస్తారు. క్లాసు లేని రోజుల్లో ఇంటి దగ్గర నడవాలి. ఇంట్లోంచి ఒకరు తోడు ఉండాలి. మీ తమ్ముడికి బ్యాంకులో వై టూ కే పని, రెండువేల సంవత్సరం వచ్చేలోపు కంప్యూటర్లన్నీ సరిచేయాలట, ఎప్పుడు వెళ్తారో ఎప్పుడు వస్తారో ఆయనకే తెలియదు. అలా ఆ తోడు నేనయ్యాను.

మన పద్ధతి మీకు తెలుసు. మామయ్య మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన ఎదుట నిలబడి నేను మాట్లాడింది లేదు. బల్ల మీద అన్నం పెట్టి కర్టెన్ వెనక్కి వచ్చేస్తాను. ఏదైనా చెప్పాలంటే గోడకు చెబుతాను. "పప్పులో ఉప్పు తగ్గిందేమో" అని నేను గోడతో అంటే, "సరిపోయిందిలే" అని ఆయన కిటికీతో అంటారు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోతోంది.

క్లాసు నడిపే ఆవిడ పేరు గ్లెనిస్. మనిషి బీరువాలా ఉంటుంది, మెడలో విజిల్. మొదటి రోజే ఒక నియమం చెప్పింది. మామయ్య దాన్ని హాలు కిటికీకి తెలుగులో చెప్పారు, నేను విన్నాను. నడిచేటప్పుడు మాట్లాడుతూనే ఉండాలట. మాట సాఫీగా వస్తుంటే నడక సరిపోయినట్టు. పాట పాడగలిగితే బద్ధకిస్తున్నట్టు. మాట తెగిపోతుంటే గుండెకు భారం ఎక్కువైనట్టు, అప్పుడు ఆగాలి. తోడు వచ్చినవాళ్లు పలికిస్తూ ఉండాలి.

మేమిద్దరం హాలు చుట్టూ మౌనంగా తిరిగాం. గ్లెనిస్ ఎదురొచ్చి అడ్డంగా నిలబడింది.

"ఇద్దరూ పోట్లాడుకున్నారా?"

"ఇన్ అవర్ ఫ్యామిలీ, షీ డజంట్ టాక్ టు మీ," అన్నారు మామయ్య.

"వెల్, షీ డజ్ నౌ, మేట్."

మామయ్య ఇంకాసేపు నడిచారు. తర్వాత మొట్టమొదటిసారి నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఇంట్లో బియ్యం ఉన్నయ్యా?" అని అడిగారు.

నేను "ఊఁ" అన్నాను. గ్లెనిస్ తల అడ్డంగా ఊపింది. ఊఁ కొట్టడం లెక్కలోకి రాదట.

మీ మరదలు,
ఫరహ్

గంగాలిన్, కాన్‌బెర్రా
అక్టోబరు 1999

ఫరహ్,

నీ ఉత్తరం చదివి నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. చావు అంచు దాకా వెళ్లొచ్చిన మనిషి చేత సైకిలు తొక్కిస్తారా? మన వైపు జబ్బు మనిషిని ఏం చేస్తారు? పడుకోబెట్టి గంజి కాచి పోస్తారు. వీళ్లకు మనుషులంటే కార్లు. ఆగిపోతే తోసి స్టార్ట్ చేద్దామనుకుంటారు.

ఇంకో సంగతి. ఆ హాలుకు వెళ్లేవాళ్లంతా ఎందుకు వెళ్తున్నారో అందరికీ తెలుసు కదా. మీ పక్కనున్న బ్లాక్‌టౌన్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలియదు. ఎవరి కంటైనా పడితే శుక్రవారం నమాజు లోపల ఊరంతా పాకుతుంది. వాళ్ల బంధువులు ఇక్కడా ఉన్నారు, మా ఆయన ఆఫీసులోనూ ఉన్నారు.

నన్ను రాతిగుండెది అనుకోకు. అమ్మ ఒంగోల్లో ఉంటే ఈయన ఇక్కడ పదేళ్లు ఒక్కడే ఉన్నాడు. అమ్మ పోయాక మమ్మల్ని తెచ్చుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఈ జబ్బు బయటపడింది. ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది, అమ్మ బతికుండగానేనా? నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మందులకు, డాక్టర్లకు నేనేమీ తక్కువ చేయలేదు. నా పిల్లలను మాత్రం దూరంగా ఉంచాను. అది నా ఇష్టం.

గ్లెనిస్‌కు చెప్పి మాన్పించు.

మసూదా

అది సరే కానీ, ఆయన నీతో ఏం మాట్లాడతాడు? మాతో ఎప్పుడూ మాట్లాడింది లేదు.

క్వేకర్స్ హిల్
నవంబరు 1999

వదినకు,

మాన్పించలేదు. మీ మాట కాదన్నందుకు క్షమించండి. కానీ మీరు ఒక్కసారి చూస్తే మీరే వద్దనరు.

మొదట వీధి చివరి దాకా వెళ్లి ఎవరిదో ఇటుక గోడ మీద కూర్చుని తిరిగొచ్చేవాళ్లం. తర్వాత రైలు స్టేషను దాకా. ఇప్పుడు వాగు పక్కనున్న బాట చివరి దాకా పోతున్నాం. కాలి పిక్కలో కండ తేలింది. నిన్న మెట్ల దగ్గర గోడ పట్టుకోవడం మరిచిపోయారు. పైకెక్కి, వెనక్కి తిరిగి తానెక్కిన మెట్ల వంక చూసుకున్నారు. నేను చూడనట్టు తాళం తీశాను కానీ, నాకే పరీక్ష పాసైనట్టు అనిపించింది వదినా.

ఏం మాట్లాడతారని అడిగారు. మొదట్లో బియ్యం, పప్పు, ఈ వీధిలో ఎవరి కుక్క ఏది, ఇవే. అవి అయిపోయాక ఒక రోజు మీ తాతగారి గురించి చెప్పారు. మార్టూరులో పరుపులకు దూది ఏకేవారట.

"మా నాయన విల్లు మీటుతుంటే ఊరంతా టంగుటంగున మోగేది. దూది ఎగురుతా ఉంటే, గడ్డం నిండా దూదే, అట్టనే బేరం ఆడేవాడు. చెయ్యి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. ఈ గ్లెనిసమ్మ చెప్పిందాన్ని మా నాయన ఏనాడో చేశాడు."

"మరి మీరెందుకు నేర్చుకోలేదు మామయ్యా?"

"నాకు దూదంటే తుమ్ములు," అన్నారు.

నేను బాట మీదే నవ్వేశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే లోపలే నవ్వు బయటికి వచ్చింది. ఆయనా నవ్వారు.

ఎవరైనా చూస్తారేమో అన్నారు. చూస్తున్నారు వదినా. పక్కింట్లో ఫిజీ తెలుగావిడ ప్రేమిల ఆంటీ రోజూ కంచె మీదుగా పలకరిస్తుంది. "ఏమ్మా, మామా కోడలు రోజూ యాడికి పోతారు అట్టా కొట్లాడుకుంటా?" అంటుంది. "మామయ్యను నడిపిస్తున్నా ఆంటీ" అన్నాను. "నిన్ను ఆయన నడిపిస్తున్నట్టు ఉండాదే" అంది. అంతే. ఎవరికీ అంతకన్నా అక్కర్లేదు.

ఎలా వచ్చిందో నేనూ అడగలేదు. అడిగే వరస కాదు నాది. ఆయన ఊపిరి సరిగా ఆడుతోందా లేదా, అది మాత్రం నాకు తెలుసు.

ఫరహ్

గంగాలిన్
డిసెంబరు 1999

ఫరహ్,

కోపం లేదు. తుమ్ముల సంగతి నాకు తెలియదు. చిన్నప్పుడు మా ఇంట్లో దూది పరుపులు ఎందుకు లేవో ఇన్నాళ్లకు అర్థమైంది.

రేపో మాపో రంజాను ఒక్కపొద్దులు మొదలు. ఇక్కడ ఎండాకాలం, పొద్దు ఎంతకీ కుంగదు. నాయన ఒక్కపొద్దు ఉండటం లేదు కదా? మాత్రలు పూట తప్పకూడదు, డాక్టరు ఖచ్చితంగా వద్దన్నాడని తమ్ముడు చెప్పాడు. ఆ ఒక్కటీ చూసుకో.

నడిచేటప్పుడు మా అమ్మ గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నాడా? అన్నా అనకపోయినా రాయి.

మసూదా

క్వేకర్స్ హిల్
డిసెంబరు చివరి వారం, 1999

వదినకు,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. ఇప్పుడంతా బాగానే ఉందని ముందే చెబుతున్నాను.

ఒక్కపొద్దులు మొదలైన రెండో వారంలో క్లాసులో మామయ్య సైకిలు మీద తూలారు. గ్లెనిస్ పట్టుకోకపోతే పడిపోయేవారు. గుండె ఏమైనా దెబ్బతిందేమోనని పరీక్షలు రాశారు. ఇంకోసారి ఇలా జరిగితే క్లాసు ఆపేయాలి, ఆయన మంచికే అంది గ్లెనిస్. మామయ్య కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఈసారి కిటికీకి కూడా ఏమీ చెప్పలేదు.

మర్నాడు వాగు బాట మీద, ఎప్పటికన్నా నెమ్మదిగానే నడుస్తున్నాం. ఏదో చెబుతూ సగంలో ఆగిపోయారు. నేను అడిగినదానికి "ఊఁ" అన్నారు. ఇంకోటి అడిగితే మళ్లీ "ఊఁ". పెదవులు ఎండి తెల్లగా పొట్టు కట్టి ఉన్నాయి. మన ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ పెదవులు దేనివో ఎవరూ చెప్పక్కర్లేదు వదినా.

నేను ఆగిపోయాను.

"మామయ్యా, మీరు ఒక్కపొద్దు ఉన్నారు."

"లేదమ్మా. నువ్వే కదా మధ్యాహ్నం అన్నం పెడుతున్నావు."

పెడుతున్నాను. పెట్టి కర్టెన్ వెనక్కి వచ్చేస్తున్నాను. ఆయన తినేది నేను ఏనాడూ చూడలేదు. చూడకూడదు కదా. పెరట్లో కాకుల్లాంటి మాగ్‌పై పిట్టలు ఈ మధ్య గుంపులుగా వాలుతూ, కోడిపెట్టల్లా ఎందుకు తయారయ్యాయో అప్పుడు తెలిసింది.

"మధ్యాహ్నం మాత్ర?"

"రాత్రికి రెండూ కలిపి వేసుకుంటున్నాలే. కడుపులోకి పోయేది అదే కదా."

మందు పూట తప్పితే ఒంట్లో జబ్బు ఆ మందుకు అలవాటు పడిపోతుందని, తర్వాత అది పనిచేయదని డాక్టరుగారు మా ముందే చెప్పారు. పక్కనే బల్ల ఉంటే దాని మీద కూర్చున్నాను. మామయ్య నిలబడి ఉండగా నేను కూర్చోవడం అదే మొదలు.

"జబ్బు మనిషికి మినహాయింపు ఉంది కదా మామయ్యా."

"ఉంది. నేను జబ్బు మనిషినని ఒప్పుకుంటే ఉంది." వాగు వైపు తిరిగి మళ్లీ అన్నారు. "మసీదుకు పోవడం మానుకున్నా, ఎవరన్నా అడుగుతారని. కూతురింటికి పోవడం లేదు. మనవరాలు ఎంత పొడుగైందో తెలవదు. ఒక్కపొద్దు ఒకటి మిగిలింది, అందరితో సమానంగా. అది కూడా తీసేసుకుంటావా పిల్లా?"

ఆయనకు మత విషయాలు చెప్పేంత దాన్ని కాను. నా దగ్గర ఒకే ఒక మాట ఉంది. అది మీ తమ్ముడికే ఇంకా చెప్పలేదు. ఇంత పని హడావిడిలో ఎప్పుడు చెప్పాలో తెలియక, సిగ్గుపడి, దాచుకున్నాను. నేల చూస్తూ చెప్పాను.

"నేనూ ఒక్కపొద్దు లేను మామయ్యా. మూడో నెల. రోజూ వంటింటి తలుపేసుకుని, చప్పుడు కాకుండా తింటున్నాను."

మామయ్య బల్ల అవతలి చివర కూర్చున్నారు.

"చప్పుడు కాకుండా ఎట్టా తింటావే? అప్పడాలు ఉండవా?" అన్నారు.

"నానబెట్టుకుంటున్నాను."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో నేను తల ఎత్తి చూడలేదు.

"మీకూ మినహాయింపే, నాకూ మినహాయింపే," అన్నాను. "మీరు పెరట్లో పిట్టలకు పెట్టి, నేను వంటింట్లో దాక్కుని తినడం దేనికి? ఇద్దరం ఒకచోట కూర్చుని తిందాం. మీరు తినకపోతే నేనూ తినను."

ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు. అన్నాక బెదిరింపులా అనిపించింది. ఆయన లేచి, "పద. కడుపుతో ఉన్న మనిషిని ఎండలో కూర్చోబెట్టానని మీ అత్త ఉంటే చీపురు తీసేది," అన్నారు.

మీరు అడిగారు కదా, అమ్మ గురించి ఏమైనా అన్నారా అని. ఆ రోజే అన్నారు, ఆ చీపురు మాట.

ఆ మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. టమాటా పప్పు, అప్పడాలు. మామయ్య అప్పడాన్ని కావాలని గట్టిగా విరిచారు. భోజనం అయ్యాక మాత్ర నా ముందే వేసుకున్నారు. కర్టెన్ పక్కకు లాగి కట్టేశాను, ఇప్పటికీ అలాగే ఉంది.

సాయంత్రం మీ తమ్ముడికి రెండు సంగతులూ చెప్పాను. ఆయన డాక్టరుగారికి ఫోన్ చేసి మాత్రల సంగతి దాచకుండా చెప్పారు. మళ్లీ రక్తం తీశారు. ఫలితం నిన్న వచ్చింది. మందు ఇంకా పనిచేస్తూనే ఉందట. గుండెకూ ఏమీ కాలేదు, క్లాసు ఆపక్కర్లేదన్నారు.

తప్పిన ఒక్కో ఒక్కపొద్దుకూ ఒకరికి అన్నం పెట్టాలి కదా. మామయ్య దానికీ దారి కనిపెట్టారు. క్లాసుకు వచ్చేవాళ్లలో చాలామంది ఒంటరివాళ్లు, వండిపెట్టేవాళ్లు లేరు. పలావు గిన్నె మోసుకెళ్తున్నారు. గ్లెనిస్ రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంది.

ఫరహ్

గంగాలిన్
జనవరి 2000

ఫరహ్ తల్లీ,

నా తమ్ముడికన్నా ముందు, నాకన్నా ముందు, మా నాయనకు చెప్పావా? మామగారికి కడుపు సంగతి చెప్పిన కోడలు మన వంశంలో నువ్వే మొదటిదానివి. అమ్మ చీపురు నీ మీదా పడేది.

నవ్వి రాస్తున్నాను కానీ, ఉత్తరం చదవగానే నాకు మొదట వచ్చిన ఆలోచన వేరు. కడుపుతో ఉన్న పిల్ల, ఒకే బల్ల, ఒకే గిన్నె అనుకున్నాను. ఫోన్ కూడా తీశాను, నిన్ను తిడదామని. మళ్లీ పెట్టేశాను. మర్నాడు మా డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి అడిగాను. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు, ఒడిలో పడుకోబెట్టుకుంటే రాదు అంది. ఇది నాకు తెలియనిది కాదు, ఎక్కడో చదివిందే. చదివీ తలుపు తీయలేదు. ఆవిడ అలా మామూలుగా చెబుతుంటే, మరి ఇన్నేళ్లు పిల్లలను దేనికి దూరంగా పెట్టాను అని నన్ను నేనే అడుక్కున్నాను. జవాబు జబ్బు కాదు ఫరహ్. కోపం.

మనవరాలు ఎంత పొడుగైందో తెలియదు అన్నాడా? తూబా నా భుజం దాటింది.

వై టూ కే అని భయపెట్టారు, లైట్లు కూడా ఆరలేదు. మా ఆయనకు ఆఫీసులో ఆ హడావిడి తీరి ఇప్పుడు సెలవే సెలవు. నాయనను పంపు. క్లాసు పూర్తయ్యాకే పంపు, మధ్యలో మాన్పించొద్దు.

మసూదా వదిన

క్వేకర్స్ హిల్
ఫిబ్రవరి 2000

వదినకు,

క్లాసు అయిపోయింది. చివరి రోజు మళ్లీ కొలిచారు. మొదటి రోజు రెండో చుట్టుకే కుర్చీ అడిగిన మనిషి, ఈసారి విజిల్ ఊదాక కూడా ఆగలేదు, ఇంకో చుట్టు తిరిగారు. కొలెస్ట్రాల్ తగ్గింది, ఊపిరి పెరిగింది. గ్లెనిస్ కాగితం చూపించి ఏవేవో చెప్పింది. నాకు అర్థమైంది ఆవిడ మొహం.

ఆ రోజే చేరిన కొత్తవాళ్లకు క్లాసు సంగతి మీరే చెప్పాలి అని మామయ్యను అడిగింది. అక్కడ ఎవరూ ఇంటిపేరు చెప్పుకోరు. మామయ్య లేచి నిలబడి తన పేరు, వాళ్ల నాన్నగారి పేరు, మార్టూరు, అన్నీ చెప్పారు. తర్వాత, "దిస్ ఈజ్ మై డాటర్-ఇన్-లా. షీ ఈజ్ మై కోచ్," అన్నారు. గదిలో అందరూ నా వైపు తిరిగారు. తల దించుకోవాలి అనిపించింది వదినా. దించుకోలేదు.

శుక్రవారం బస్సు ఎక్కిస్తున్నాను. మాత్రలు ఆయన దగ్గరే ఉన్నాయి, ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. మీరు ఒక్కటి చేయండి. కుర్చీలో ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాలని చూడకండి. షూ వేసుకోండి.

ఫరహ్

గంగాలిన్
మార్చి 2000

ఫరహ్ తల్లీ,

నువ్వు చెప్పినట్టు చేయలేదు. మొదటి రెండు రోజులూ కుర్చీలోనే కూర్చోబెట్టాను. టీ తాగావా నాయనా, తాగానమ్మా. చలిగా ఉందా, లేదమ్మా. అంతే.

మూడో రోజు భోజనాల దగ్గర తూబా, "వాట్ ఆర్ దోజ్ ఫర్, తాతా?" అని మాత్రల డబ్బా చూపించింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. నాయన దానికి తెలుగులోనే, నెమ్మదిగా, జబ్బు పేరుతో సహా చెప్పాడు. అది విని, "డజ్ ఇట్ హర్ట్?" అంది. "ఇప్పుడు లేదు" అన్నాడు. "గుడ్" అని పెరుగు వడ్డించుకుంది. ఇన్నేళ్లు నేను మోసిన బరువు ఆ పిల్ల ఒక్క ముద్దకు అడ్డం కాలేదు.

ఆ సాయంత్రం షూ వేసుకున్నాను. మా ఇంటి వెనక చెరువు గట్టు మీద మొదలుపెట్టాం. సగం దూరం పోయాక, ముందుకే చూస్తూ, అడగాల్సింది అడిగాను. ఆయనా ముందుకే చూస్తూ చెప్పాడు. ఏం చెప్పాడో నీకు రాయను. ఏమీ అనుకోకు, అది అమ్మదీ ఆయనదీ. అన్నీ వినడానికి బాగున్న మాటలు కావు. కానీ ఒక్కదాన్నీ దాటేయలేదు. మాట కూడా ఎక్కడా తెగలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లాం, ఆ మర్నాడూ వెళ్లాం. నిన్న గట్టు ఎక్కుడు దగ్గర ఆయన ముందుకు వెళ్లిపోయాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాను. వెనక నుంచి మా వీధిలో ఉండే రాధాకృష్ణగారు జాగింగ్ చేస్తూ వచ్చారు. మా ఆయన ఆఫీసే. "ఎవరండీ ఆ పెద్దాయన? రోజూ చూస్తున్నా, నాకు అందడం లేదు," అన్నారు.

చాలా చెప్పాలనిపించింది. ఊపిరి అందలేదు. ఉన్న ఊపిరికి రెండు మాటలు వచ్చాయి.

"మా నాయన."

ప్రేమతో,
మసూదా వదిన